ఆకులు రంగు మారే వేళ రేవు పట్టణాలు

ప్రశ్న: న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి అక్టోబరులో మమ్మల్ని బోస్టన్ నుంచి కెనడాలోని క్యుబెక్ వరకు క్రూయిజ్‌లో తీసుకెళతానంటోంది. దారిలోని రేవుల్లో చరిత్ర తెలిపే చోట్లు ఏమున్నాయి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ ప్రయాణానికి అందరూ మేపుల్ ఆకుల ఎర్రదనం కోసమే వెళతారు గానీ, నా దృష్టిలో ఆకుల కంటే రేవులే మిన్న. 1773లో తేయాకు పెట్టెలను సముద్రంలో పారబోసిన బోస్టన్ గురించి మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు కనుక, ఎక్కువ సమయం దారిలో తగిలే కెనడా రేవు పట్టణం హాలిఫాక్స్‌కు కేటాయించండి. అక్కడి కొండమీది నక్షత్రాకారపు కోటలో మధ్యాహ్నం 12 గంటలకు ఫిరంగి పేలుస్తారు. 1917 డిసెంబరు 6న పేలుడు పదార్థాలతో నిండిన ఫ్రెంచి ఓడ మరో ఓడను ఢీకొని పేలిపోగా, ఈ ఊళ్లో దాదాపు 2,000 మంది మరణించారు. ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానంలో టైటానిక్ మృతులు 121 మంది సమాధులున్నాయి. వాటిలో కొన్ని రాళ్లపై పేరు లేదు, మరణ తేదీ, ఒక సంఖ్య మాత్రమే చెక్కి ఉన్నాయి. 1608లో వెలసిన క్యుబెక్‌లో ప్రాకారం ఇప్పటికీ నిలిచే ఉంది; మోకాళ్ల నొప్పులుంటే దిగువ పేట నుంచి పైకి మెట్లెక్కకుండా, పట్టాలపై నడిచే లిఫ్టు లాంటి బండిలో వెళ్లవచ్చు.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి అమెరికా వీసాతో పాటు కెనడా వీసా కూడా అవసరం కాబట్టి, టికెట్ల కంటే ముందు ఆ పని చూసుకోండి.