ఇంజను అంటుకుందా, అందుకుందా?

సందేహం: మా తాతగారి నాటి ఫెర్గూసన్ టీఈ20 పెట్రోలు ట్రాక్టరును బాగుచేయించాం. అది స్టార్టు కానప్పుడు ఏం చూడాలో ఇంట్లో పిల్లల కోసం రాస్తున్నాను. ‘ఇంజను అంటుకోకపోతే పాయింట్లు చూడాలి’, ‘పెట్రోలు ఎక్కువైతే ఇంజను మునుగుతుంది’ అని రాశాను. మా అబ్బాయి ‘ప్రజ్వలనం జరగనిచో’ అని రాయమంటున్నాడు. పక్కింటాయన ‘మొరాయిస్తే’ అంటే చాలంటున్నారు. ఏది సరి? – ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ముందు మీ మొదటి వాక్యాన్ని దిద్దండి, ఆలస్యం చేయవద్దు. గడ్డివామి అంటుకుంది, పాక అంటుకుంది అంటే మంటల్లో చిక్కుకుందని అర్థం. పెట్రోలు బండి దగ్గర ఎవరైనా ‘ఇంజను అంటుకుంది’ అని కేకేస్తే ఇసుక బకెట్టు కోసం పరుగెత్తాలి. సిలిండరులో అంటుకోవలసింది పెట్రోలు ఆవిరి. ఆ ఊపుతో ఇంజను తనంతట తాను తిరగడానికి మెకానిక్కులు వాడే క్రియ ‘అందుకోవడం’. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ‘తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది. భజనలో ఒకరు ఎత్తుకున్న పాటను తక్కినవారు అందుకుంటారు కదా, అలాగే సెల్ఫు మోటారు మొదలుపెట్టిన తిరుగుడును ఇంజను అందుకుంటుంది. పుస్తకాలేవీ నేర్పకుండానే షెడ్డులో పుట్టిన ఈ ప్రయోగాన్ని నిస్సంకోచంగా రాతలోకి తెచ్చుకోండి.

పైగా ఆ ఒక్క మాటలోనే లోపం సగం బయటపడుతుంది. ‘తిరగడం లేదు’ అంటే బ్యాటరీ, దాని తీగలు, సెల్ఫు చూడాలి. టీఈ20లో గేరు రాడ్డును ‘ఎస్’ స్థానానికి నెడితేనే సెల్ఫు తిరుగుతుంది కాబట్టి, మీ రాతలో ‘మీట నొక్కండి’ అని ఉంటే ‘రాడ్డు నెట్టండి’ అని మార్చండి. ‘తిరుగుతోంది, అందుకోవడం లేదు’ అంటే ప్లగ్గులో నిప్పురవ్వ లేదు, లేదా పెట్రోలు అందడం లేదు. ప్లగ్గు ఊడదీసి, తీగ దానికే ఉంచి, దాని లోహపు ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించి తిప్పి చూస్తారు. దగ్గరలో పెట్రోలు ఒలికి ఉండకూడదు. నీలంగా, చురుగ్గా రవ్వ వస్తే సరే. పసుపుగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా అప్పుడు పాయింట్లు, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ ప్లగ్గుకు రవ్వ పుట్టించే చిన్న లోహపు ముక్కలు, చూడాలి. ఏళ్ల తరబడి కదలని బండిలో వాటి మొహాల మీద సన్నని పొర పట్టి కరెంటును అడ్డుకుంటుంది. శుభ్రం చేసిన కొద్ది రోజులకే మళ్ళీ కాలి గుంటలు పడుతుంటే వాటిని కాలకుండా కాపాడే కండెన్సరును అనుమానించాలి.

‘ఇంజను మునుగుతుంది’ అన్నది ‘ఫ్లడింగ్’ అనే ఇంగ్లీషు మాటకు నీడ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వీధులను ముంచెత్తిన తరువాత, ఇంజను మునగడమంటే ఏమిటో విజయవాడలో ఎవరినడిగినా చెబుతారు. మీరు ‘పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసింది’ అని రాయండి. ఏం చేయాలో కూడా ఆ వాక్యమే చెబుతుంది: ప్లగ్గు తీసి ఆరబెట్టాలి.

‘మొరాయించడం’ ఎద్దుకో గుర్రానికో చెల్లిన మాట. కదలగలిగి కూడా కదలనని మొండికేయడం అందులో ఉంది. పత్రికలవారు యంత్రాలకూ వాడుతున్నారు, అందులో తప్పు లేదు. అయితే లోపం వెతికేవాడికి ఆ మాట దారి చూపదు. ‘ప్రజ్వలనం’ బాగా మండడం. సభల్లో జ్యోతి వెలిగించడానికి ఒప్పుతుంది. పాఠ్యపుస్తకాల్లో ‘జ్వలన ఉష్ణోగ్రత’ అన్నచోట ‘జ్వలనం’ ఉంది, శాస్త్రం రాసేటప్పుడు అది చాలు. ‘రాజుకోవడం’ కుంపటిలో నిప్పుకు, ఊళ్ళో తగాదాకు తగిన మాట. రెండూ మెల్లగా మొదలవుతాయి. రెప్పపాటులో జరిగేదానికి అది పొసగదు.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘ఇంజను తిరుగుతున్నా అందుకోకపోతే ప్లగ్గు తీసి రవ్వ చూడాలి, రవ్వ లేకపోతే పాయింట్లు శుభ్రం చేయాలి.’