కేస్ స్టడీ మధ్యలో బాబు వలస వెళ్లాడు, ప్రాక్టికల్స్ ఎలా?

ప్రశ్న: డిగ్రీ తరువాత స్పెషల్ ఎడ్యుకేషన్ బీఈడీలో చేరి, మేధో వైకల్యం విభాగంలో రెండవ సంవత్సరం చదువుతున్నాను. తుది ప్రాక్టికల్ పరీక్షకు కేస్ స్టడీ రికార్డు, వ్యక్తిగత విద్యా ప్రణాళిక సమర్పించి, ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకులు) ఎదుట పాఠం చెప్పాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వచ్చే తొమ్మిదేళ్ల బాబుతో ఆరు వారాలు పనిచేశాను. దసరా కాగానే తల్లిదండ్రులు పనికోసం పుణే పోతూ బాబునూ వెంట తీసుకుపోయారు. మిగతా వారాలకు ఊహించి అంకెలు వేసి రికార్డు పూర్తిచేయమని తోటివాళ్లు అంటున్నారు. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, అచ్చంపేట)

జవాబు: అంకెలు వేయకండి. ఒకచోట నేను ఎక్స్‌టర్నల్‌గా కూర్చున్నప్పుడు చేతికొచ్చిన రికార్డులో పాప ప్రతి వారం సరిగ్గా ఒక మెట్టు ఎక్కింది. సంక్రాంతి సెలవుల వారంలో కూడా ఎక్కింది. ఆ తరువాత ఆ అభ్యర్థిని నేను అడిగిన ప్రశ్నలన్నీ ఆ ఒక్క వారం గురించే.

బాబు వెళ్లిన తేదీ, కారణం, ఆనాటికి ఏ నైపుణ్యంలో ఎంతవరకు వచ్చాడన్నది ఉన్నదున్నట్లు రాసి, అక్కడ గైడు సంతకం తీసుకోండి. వలస సంగతిని కేస్ హిస్టరీలోనే చేర్చండి: ఏటా ఎన్ని నెలలు పోతారు, పని దగ్గర బిడ్డను ఎవరు చూసుకుంటారు, ఇంటి దగ్గర అవ్వాతాతలు ఉంటారా అన్నవి లేకుండా పాలమూరు బిడ్డ చరిత్ర సగమే అవుతుంది. ఆ తరువాత గైడు అనుమతితో రెండో బిడ్డను తీసుకుని, మొదటి మదింపు కొత్తగా చేసి, మిగిలిన సమయానికి సరిపడేలా రెండే లక్ష్యాలు పెట్టుకోండి. ఐదు లక్ష్యాలు రాసి ఒక్కటీ ముట్టని ప్రణాళిక కన్నా ఇది నయం. రెండు రికార్డులలోనూ బిడ్డ పూర్తి పేరు కాకుండా పొడి అక్షరాలే వాడండి.

మార్కులు ఎక్కువగా పోయేది లక్ష్యం రాసే తీరులోనే. ‘డబ్బు గురించి తెలుసుకుంటాడు’ అన్నది లక్ష్యం కాదు, దానిని కొలవలేము. ‘దుకాణంలో 10 రూపాయల నాణెం ఇచ్చి, 5 రూపాయల బిస్కెట్ పొట్లం అడిగి, మిగతా 5 రూపాయలు తిరిగి తీసుకుంటాడు, ఎవరూ చెప్పకుండా, ఐదుసార్లలో నాలుగుసార్లు’ అని రాస్తే ఎవరైనా చూసి అయిందో కాలేదో చెప్పగలరు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఏర్పడిన జాతీయ సంస్థ రూపొందించిన ఫంక్షనల్ అసెస్‌మెంట్ చెక్‌లిస్ట్ (బిడ్డ రోజువారీ పనులు ఎంతవరకు చేయగలడో చూసే పట్టిక) వాడుతున్నట్లయితే, బిడ్డ తానే చేశాడా, గుర్తుచేస్తే చేశాడా, మాటతో చెప్పిస్తే చేశాడా, చేయి పట్టి చేయించారా అన్న తేడాను ప్రతిసారీ నమోదు చేయండి. తుది మదింపులో ‘వచ్చింది’, ‘రాలేదు’ అన్న రెండు మాటలకన్నా ఈ తేడాలే మీ పనిని చూపిస్తాయి. చేయి పట్టి చేయించే దశ నుంచి మాటతో చేసే దశకు రావడం చిన్న సంగతి కాదు.

మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్ అనే మదింపు పట్టిక వాడితే 18 రంగాలలో రంగానికి 20 చొప్పున 360 అంశాలు ఉంటాయి. వాటిని ఇంటి అలవాటుతో కలిపి చదవాలి. జొన్నరొట్టె తుంచి కూరలో అద్దుకుని శుభ్రంగా తినే బిడ్డకు చెంచా పట్టడం రాకపోతే అది లోపమా, ఇంట్లో చెంచాతో పని లేకపోవడమా అన్నది తల్లిని అడిగి, ఆమె మాటను పక్కన రాయండి. వైవాలో దీనిమీద ప్రశ్న వచ్చే అవకాశం ఎక్కువ.

పాఠం రోజున కొత్త ముఖాలు చూసి బిడ్డ మొండికేయవచ్చు. భయపడకండి, పరీక్షకులు చూసేది అప్పుడు మీరేం చేస్తారన్నదే. థర్మాకోల్ బొమ్మలకన్నా నిజమైన నాణేలు, చింతగింజలు నయం. వాటిని రాత్రంతా కూర్చుని తయారుచేయనక్కరలేదు కూడా. మార్కుల విభజన విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది కాబట్టి సిలబస్ పుస్తకంలోని ఆ పుటను రికార్డు ముందు పెట్టుకుని పని చూసుకోండి.

ప్రశ్న: ఇదే స్పెషల్ బీఈడీ ఫలితాలు రాగానే నల్లగొండలో ప్రత్యేక ఉపాధ్యాయినిగా చేరవచ్చా? (మరొక పాఠకురాలు, దేవరకొండ)

జవాబు: మార్కుల మెమో ఒక్కటే చాలదు. 1992 నాటి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) చట్టం ప్రకారం మండలి కేంద్ర రిజిస్టర్‌లో మీ పేరు నమోదు కావాలి. నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందువల్ల ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి రాగానే మొదట ఆ దరఖాస్తు పెట్టుకుని, ఉద్యోగం సంగతి తరువాత చూసుకోండి.