పాఠకుల ప్రశ్నలు: ఓఎస్‌పీఎఫ్‌లో రూట్లను ఎక్కడ ఫిల్టర్ చేయాలి?

ప్రశ్న: మా నెట్‌వర్క్‌లో మూడు రూటర్లు వరుసగా, ఒకే ఏరియాలో (నెట్‌వర్క్‌ను విభజించిన భాగాల్లో ఒకటి), ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ ప్రోటోకాల్‌తో నడుస్తున్నాయి. మూడో రూటర్ వెనుక ఉన్న 10.30.7.0/24 ప్రిఫిక్స్ (చిరునామాల సముదాయం) మొదటి రూటర్‌కు తెలియకూడదని మధ్య రూటర్‌లో డిస్ట్రిబ్యూట్-లిస్ట్ ఇన్ అనే ఫిల్టర్ కమాండ్ పెట్టాను. మధ్య రూటర్ రూటింగ్ టేబుల్‌లోంచి ఆ ప్రిఫిక్స్ పోయింది, మొదటి రూటర్‌లో మాత్రం అలాగే ఉంది. రిప్‌లో ఇదే పద్ధతి చక్కగా పనిచేసేది. ఇది సాఫ్ట్‌వేర్ లోపమా?

జవాబు: లోపం కాదు. మీరిచ్చిన కమాండ్ తన పని తాను సరిగ్గానే చేసింది, కానీ ఆ పని మీరు కోరుకున్నది కాదు.

రిప్ వంటి డిస్టెన్స్-వెక్టర్ ప్రోటోకాల్‌లో ప్రతి రూటరూ తన టేబుల్‌లో ఉన్న రూట్లనే పొరుగు రూటర్‌కు చెబుతుంది కాబట్టి, మధ్యలో ఒకచోట ఒక ప్రిఫిక్స్‌ను ఆపితే దాని అవతల ఉన్న రూటర్లకు ఆ దారిన ఆ సమాచారం అందదు. ఓఎస్‌పీఎఫ్‌లో ఒక ఏరియా లోపల రూటర్లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకోవు. తనకున్న లింకులేవి, వాటి కాస్ట్ ఎంత, వాటి మీద ఉన్న ప్రిఫిక్స్‌లేవి అన్న వివరాలతో ప్రతి రూటరూ ఒక ఎల్‌ఎస్‌ఏ (లింక్-స్టేట్ అడ్వర్టైజ్‌మెంట్) తయారుచేస్తుంది. మిగిలిన రూటర్లు అందులోని విషయాన్ని ముట్టుకోకుండా ఏరియా అంతటికీ దాన్ని చేరవేస్తాయి. అలా పోగైన ఎల్‌ఎస్‌ఏలే లింక్-స్టేట్ డేటాబేస్. అది ఆ ఏరియా మొత్తానికి గీసిన పటం వంటిది. దాని ఆధారంగా ప్రతి రూటరూ తననే మూలంగా పెట్టుకొని, డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన అల్గారిథమ్‌తో, ఒక్కో గమ్యానికి అతి తక్కువ కాస్ట్ పడే దారిని స్వయంగా లెక్కించుకుంటుంది. ఆ లెక్కలో తేలిన దారులే చివరకు రూటింగ్ టేబుల్‌కు చేరతాయి.

డిస్ట్రిబ్యూట్-లిస్ట్ ఇన్ అడ్డుపడేది ఈ చివరి మెట్టు దగ్గర మాత్రమే. మీ మధ్య రూటర్ మూడో రూటర్ పంపిన ఎల్‌ఎస్‌ఏను అందుకుంది, డేటాబేస్‌లో పెట్టుకుంది, మొదటి రూటర్‌కు పంపింది, తన లెక్క కూడా పూర్తిచేసింది. ఆ తరువాత ఫలితాన్ని టేబుల్‌లో చేర్చకుండా వదిలేసింది. మధ్య రూటర్‌లో షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ డేటాబేస్ రూటర్ అన్న కమాండ్ ఇచ్చి చూడండి. 10.30.7.0 అక్కడ యథాతథంగా కనిపిస్తుంది.

ఇప్పుడున్న స్థితిలో ఈ కాన్ఫిగరేషన్‌ను ఎక్కువసేపు ఉంచకండి, ఎందుకంటే ఇది నిరపాయకరమైనది కాదు. మొదటి రూటర్ తన లెక్క ప్రకారం 10.30.7.0/24కు వెళ్లే ప్యాకెట్లను మధ్య రూటర్‌కే పంపుతుంది, మధ్య రూటర్‌కేమో ఆ గమ్యానికి రూట్ లేదు. దానికి డీఫాల్ట్ రూట్ (వేరే రూట్ దొరకని ప్యాకెట్లను పంపే దారి) కూడా లేకపోతే ప్యాకెట్లు అక్కడే పారవేయబడతాయి. డీఫాల్ట్ రూట్ ఉండి, అది మొదటి రూటర్ వైపే చూపిస్తుంటే పరిస్థితి ఇంకా అధ్వానం: ప్రతి ప్యాకెట్టూ టీటీఎల్ (ఒక్కో రూటర్ దగ్గర ఒకటి చొప్పున తగ్గే అంకె) సున్నా అయ్యేదాకా ఆ రెండింటి మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. టీటీఎల్ 64తో బయలుదేరిన ఒక్క ప్యాకెట్ ఆ లింకును అరవై సార్లకు పైగా దాటవచ్చు. ఇలాంటి చోట పొరుగు సంబంధాలన్నీ ఫుల్ స్థితిలోనే (డేటాబేస్‌లు పూర్తిగా సరిపోలిన స్థితి) ఉంటాయి, లాగ్‌లలో ఏ ఫిర్యాదూ కనబడదు. అందుకే దీన్ని కనిపెట్టడానికి చాలా సమయం పడుతుంది.

ఎల్‌ఎస్‌ఏనే ఎంపికగా ఆపే వీలుంటే బాగుండును కదా అని మీకు అనిపించవచ్చు. అలా ఆపితే ఒకే ఏరియాలోని రూటర్ల దగ్గర వేర్వేరు పటాలు ఉంటాయి, వేర్వేరు పటాల మీద వేసిన లెక్కలు ఒకదానికొకటి పొసగవు. ఓఎస్‌పీఎఫ్ రెండో వెర్షన్‌కు ప్రమాణమైన 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2328, ఏరియాలోని రూటర్లన్నింటికీ ఒకే డేటాబేస్ ఉండాలన్న షరతు మీదే లూపులు లేని రూటింగ్‌ను నిలబెట్టింది. సిస్కో పరికరాల్లో ఇంటర్‌ఫేస్ మీద డేటాబేస్-ఫిల్టర్ ఆల్ అవుట్ అనే కమాండ్ ఒకటి ఉన్నమాట నిజమే, కానీ పేరులోనే ఉన్నట్టు అది ఆ ఇంటర్‌ఫేస్ గుండా వెళ్లే ఎల్‌ఎస్‌ఏలన్నింటినీ ఆపుతుంది. ఒక ప్రిఫిక్స్‌ను ఎంచి ఆపడం దానివల్ల కాదు.

డిస్ట్రిబ్యూట్-లిస్ట్ ఇన్ పనికిమాలినదని నేను అనడం లేదు. తన గుండా ఇతరుల ట్రాఫిక్ సాగని చివరి రూటర్‌లో, టేబుల్‌ను చిన్నదిగా ఉంచడానికి అది చక్కగా ఉపయోగపడుతుంది. నడుమ ఉన్న రూటర్‌లో మాత్రం దాన్ని వాడకూడదన్నది నా నిశ్చితాభిప్రాయం. జూనిపర్ రూటర్ల సాఫ్ట్‌వేర్ అయిన జూనోస్ రూపకర్తలు ఈ ప్రమాదాన్ని ముందే తలచినట్టున్నారు: అక్కడ ఓఎస్‌పీఎఫ్ ఇంపోర్ట్ పాలసీ బయటి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ రూట్లనే ఆపగలదు, ఏరియా లోపలి రూట్లను ముట్టుకోలేదు.

మీ అవసరానికి రెండు దారులున్నాయి. ప్రిఫిక్స్ తెలియకూడదన్నదే ముఖ్యమైతే మధ్య రూటర్‌ను ఏరియా బార్డర్ రూటర్‌గా (ఏరియాలను కలిపే రూటర్) మార్చి, మొదటి, మూడో రూటర్లను వేర్వేరు ఏరియాల్లో ఉంచి, హద్దు దగ్గర ఫిల్టర్ చేయాలి. ట్రాఫిక్ వెళ్లకూడదన్నదే ముఖ్యమైతే రూటింగ్‌ను అలాగే ఉండనిచ్చి, ఇంటర్‌ఫేస్ మీద యాక్సెస్-లిస్ట్‌తో ప్యాకెట్లను ఆపాలి.

ప్రశ్న: ఏరియాల హద్దు దగ్గర ఫిల్టర్ చేయడం ఎందుకు సాధ్యమవుతుంది? ఏరియా ఫిల్టర్-లిస్ట్ కమాండ్‌లో ఇన్, అవుట్ అన్నవి దేనికి సంబంధించినవి? నేను ఏరియా 1లోకి ఒక ప్రిఫిక్స్ రాకుండా ఫిల్టర్ పెడితే మొదట మిగతా ప్రిఫిక్స్‌లన్నీ పోయాయి. దాన్ని సరిదిద్దాక, ఆపవలసిన ప్రిఫిక్స్ ఇంకా కనబడుతూనే ఉంది.

జవాబు: మొదటి ప్రశ్నే ఈ విషయమంతటికీ కీలకం. ఏరియా బార్డర్ రూటర్ ఒక ఏరియాలోని ఎల్‌ఎస్‌ఏలను ఉన్నవి ఉన్నట్టుగా రెండో ఏరియాలోకి పంపదు. తాను లెక్కించిన ఫలితాన్ని తీసుకొని, ‘ఈ ప్రిఫిక్స్‌కు నా నుంచి ఇంత కాస్ట్’ అని తన పేరు మీద కొత్తగా ఒక టైప్ 3 ఎల్‌ఎస్‌ఏ పుట్టిస్తుంది. అవతలి ఏరియాలోని రూటర్లకు ఇవతలి లింకుల అమరిక ఏమీ తెలియదు. అవి ఆ బార్డర్ రూటర్ మాటనే నమ్ముతాయి. అంటే ఏరియాల మధ్య ఓఎస్‌పీఎఫ్ నడక దాదాపు డిస్టెన్స్-వెక్టర్ నడకే. ఏరియాలన్నీ వెన్నెముక వంటి ఏరియా 0కు ఆనుకొని ఉండాలన్న నియమం కూడా ఇక్కడ లూపులు రాకుండా పెట్టినదే. ఒక రూటర్ తానే పుట్టించవలసిన ఎల్‌ఎస్‌ఏను పుట్టించకుండా మానుకుంటే, అవతలి ఏరియాలోని రూటర్లన్నీ ఆ లేమిని ఒకేలా చూస్తాయి, వాటి డేటాబేస్‌లు ఒకదానితో ఒకటి సరిపోలే ఉంటాయి.

ఇన్, అవుట్ అన్న దిశలు రూటర్‌కో ఇంటర్‌ఫేస్‌కో సంబంధించినవి కావు, కమాండ్‌లో పేర్కొన్న ఏరియాకు సంబంధించినవి. ఏరియా 1కు ఇన్ అని పెడితే ఆ ఏరియాలోకి వెళ్లవలసిన టైప్ 3లు ఆగుతాయి; అవుట్ అని పెడితే ఆ ఏరియా నుంచి మిగతా అన్ని ఏరియాలకు వెళ్లవలసినవి ఆగుతాయి.

మిగతా ప్రిఫిక్స్‌లు పోవడానికి కారణం ప్రిఫిక్స్-లిస్ట్ చివర పైకి కనబడకుండా ఉండే డినై (నిరాకరణ). ఆపవలసిన ప్రిఫిక్స్‌కు డినై రాసిన తరువాత పర్మిట్ 0.0.0.0/0 ఎల్ఈ 32 (32 వరకు ఏ పొడవున్న ప్రిఫిక్స్ అయినా) అన్న వరుస తప్పనిసరి. చాలామంది ఎల్ఈ 32ను మరచిపోతారు. అది లేకపోతే ఆ వరుస డీఫాల్ట్ రూట్‌ను మాత్రమే అనుమతిస్తుంది.

ఇక ప్రిఫిక్స్ ఇంకా కనబడుతోందంటే ఏరియా 1కు రెండో బార్డర్ రూటర్ ఉందేమో చూడండి. ఒకదానిలో ఫిల్టర్ పెట్టి రెండోదానిలో పెట్టకపోతే, ప్రిఫిక్స్ రెండోదాని గుండా వస్తుంది. ట్రాఫిక్ అంతా ఆ ఒక్క రూటర్ మీదికే మళ్లుతుంది కూడా. ఏరియా 1లోని ఏ రూటర్‌లోనైనా డేటాబేస్‌లో ఆ టైప్ 3ను తెరిచి, అడ్వర్టైజింగ్ రూటర్ అన్నచోట ఎవరి ఐడీ ఉందో చూస్తే విషయం క్షణంలో తేలుతుంది. ఒకవేళ ఆ ప్రిఫిక్స్ టైప్ 5గా (ఓఎస్‌పీఎఫ్ బయటి నుంచి తెచ్చిన రూట్లను చెప్పే ఎల్‌ఎస్‌ఏ) వచ్చి ఉంటే ఈ ఫిల్టర్ దాన్ని తాకదు. అది కింది ప్రశ్నకు సంబంధించిన సంగతి.

పక్కపక్కనే ఉన్న చాలా ప్రిఫిక్స్‌లను దాచాలనుకుంటే, ఆ ప్రిఫిక్స్‌లు పుట్టిన ఏరియా బార్డర్ రూటర్లలో ఏరియా రేంజ్‌ను నాట్-అడ్వర్టైజ్‌తో పెట్టడం శుభ్రమైన పద్ధతి. ఇది ఏ కంపెనీ చేర్చిన అదనపు సౌకర్యమో కాదు. రేంజ్‌కు ఇలాంటి స్థితి ఉండాలని ఆర్‌ఎఫ్‌సీ 2328లోనే ఉంది.

ప్రశ్న: మా నెట్‌వర్క్‌లో రెండు రూటర్లు బీజీపీ (వేర్వేరు సంస్థల నెట్‌వర్క్‌ల మధ్య నడిచే ప్రోటోకాల్) రూట్లను ఓఎస్‌పీఎఫ్‌లోకి, ఓఎస్‌పీఎఫ్ రూట్లను బీజీపీలోకి రీడిస్ట్రిబ్యూట్ చేస్తున్నాయి. ఈ ఎక్స్‌టర్నల్ రూట్లను ఎక్కడ ఫిల్టర్ చేయాలి?

జవాబు: అవి లోపలికి వచ్చే ద్వారం దగ్గరే, అంటే రీడిస్ట్రిబ్యూషన్ చేసే ఆ రెండు రూటర్లలోనే. టైప్ 5 ఎల్‌ఎస్‌ఏ ఒకసారి పుట్టిందంటే టైప్ 5లను రానివ్వని స్టబ్, ఎన్‌ఎస్‌ఎస్‌ఏ రకాల ఏరియాలు తప్ప మిగతా నెట్‌వర్క్ అంతటికీ మార్పు లేకుండా పాకుతుంది, దారిలోని బార్డర్ రూటర్లు దాన్ని ఫిల్టర్ చేయలేవు. రీడిస్ట్రిబ్యూట్ కమాండ్‌కు రూట్-మ్యాప్ (ఏ రూట్లను అనుమతించాలో చెప్పే నియమాల వరుస) తగిలించడం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి, ఏది వస్తోందో ఏది రావడం లేదో అక్కడే చదువుకోవచ్చు కనుక. డిస్ట్రిబ్యూట్-లిస్ట్ అవుట్ కూడా ఇక్కడ పనిచేస్తుంది. నిజానికి ఓఎస్‌పీఎఫ్‌లో అది పనిచేసే చోటు ఇదొక్కటే.

మీలా రెండు చోట్ల, రెండు దిశల్లో రీడిస్ట్రిబ్యూషన్ ఉన్నప్పుడు, ఒక రూటర్ లోపలికి తెచ్చిన రూట్‌ను రెండోది మళ్లీ బయటికి పంపకుండా చూడటం ప్రిఫిక్స్ ఫిల్టర్లకన్నా ముఖ్యమైన పని. టైప్ 5లో 32 బిట్ల రూట్ ట్యాగ్ ఉన్నది ఇలాంటి అవసరాలకే. బీజీపీ నుంచి తెచ్చేటప్పుడు రెండు రూటర్లలోనూ ఒక ట్యాగ్ వేయండి. ఓఎస్‌పీఎఫ్ నుంచి బీజీపీలోకి పంపేటప్పుడు ఆ ట్యాగ్ ఉన్నవాటిని డినై చేయండి. ప్రిఫిక్స్‌ల జాబితా రేపు మారినా ఈ ఏర్పాటు చెడదు.

ఏదైనా ఒక ఏరియాకు ఎక్స్‌టర్నల్ రూట్లు అసలే వద్దనుకుంటే దాన్ని స్టబ్ చేయండి. ఆ ఏరియాలోని రూటర్లన్నింటిలోనూ స్టబ్ అని పెట్టాలి, లేకపోతే హలో ప్యాకెట్లలోని ఈ-బిట్ (ఎక్స్‌టర్నల్ రూట్లకు చోటుందో లేదో చెప్పే గుర్తు) సరిపోలక పొరుగు సంబంధమే ఏర్పడదు. టైప్ 3లు కూడా వద్దనుకుంటే నో-సమ్మరీ అన్న పదాన్ని బార్డర్ రూటర్లలో మాత్రం చేర్చితే చాలు.

ప్రశ్న: రూటర్ల మధ్య ఉన్న లింకుల ప్రిఫిక్స్‌లతోనే మా రూటింగ్ టేబుల్ నిండిపోతోంది. ఒకే ఏరియాలో ఉంటూ వాటిని దాచవచ్చా?

జవాబు: దాచవచ్చు. ఏరియా లోపల నిక్కచ్చిగా పనిచేసే దాపరికం ఇదొక్కటే. 2013లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6860 దీన్ని వివరిస్తుంది. సిస్కో కాన్ఫిగరేషన్‌లో దీని పేరు ప్రిఫిక్స్-సప్రెషన్. ఎల్‌ఎస్‌ఏ పుట్టించే రూటరే ఆ లింకు ప్రిఫిక్స్‌ను చెప్పడం మానుకుంటుంది, లింకు ఉన్న సంగతి మాత్రం చెబుతుంది. పటం అందరికీ ఒకేలా ఉంటుంది కాబట్టి లెక్క చెడదు. ఆ లింకుల చిరునామాలకు దూరం నుంచి పింగ్ పనిచేయదు కనుక, మీ మానిటరింగ్‌ను ముందే లూప్‌బ్యాక్ చిరునామాలకు (ఏ లింకుకూ చెందని, రూటర్ సొంత చిరునామాలు) మార్చుకోండి.

ప్రశ్న: ఓఎస్‌పీఎఫ్ వంటిదే మరో లింక్-స్టేట్ ప్రోటోకాల్ అయిన ఐఎస్-ఐఎస్‌లో కూడా ఇవే పరిమితులు ఉన్నాయా?

జవాబు: అవే ఉన్నాయి, కారణమూ అదే. అక్కడ హద్దు ఏరియా లోపలి లెవెల్ 1, ఏరియాలను కలిపే లెవెల్ 2ల మధ్య ఉంటుంది. లెవెల్ 1 ప్రిఫిక్స్‌లు సాధారణంగా వాటంతట అవే లెవెల్ 2లోకి వెళతాయి. లెవెల్ 2 నుంచి కిందికి మాత్రం మీరు కోరితేనే, మీరు ఎంచినవే దిగుతాయి. ఆర్‌ఎఫ్‌సీ 5302 వివరించిన ఈ రూట్ లీకింగ్‌లో, అలా కిందికి దిగిన ప్రిఫిక్స్‌కు అప్/డౌన్ బిట్ పెడతారు. ఆ బిట్ ఉన్న ప్రిఫిక్స్‌ను లెవెల్ 1-2 రూటర్ మళ్లీ లెవెల్ 2లోకి ఎక్కించదు.