మీ టర్న్ వచ్చింది: బోర్డు మీది ప్రపంచ యుద్ధం గురించి పాఠకుల ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో యాక్సిస్ అండ్ అలైస్ ఆట పేరు ఎత్తానో లేదో, ఉత్తరాలు వరస కట్టాయి. అందుకే ఈసారి చదరంగం ప్రశ్నలు పక్కన పెట్టేశాను. అన్నీ దీని గురించే.

ప్రశ్న: అన్నా, మేం ఐదుగురు ఫ్రెండ్స్‌మి. ఇద్దరం ఇక్కడే, ఒకడు హైదరాబాద్, ఒకడు డాలస్, ఒకడు మెల్‌బోర్న్. అందరం ఒకేసారి ఆన్‌లైన్‌లో ఉండే టైమే దొరకదు. ఈ ఆట మాకు కుదురుతుందా? అసలు ఎలా ఆడతారు?
— విజయవాడ

భేషుగ్గా కుదురుతుంది, పైగా ఐదుగురంటే సరిగ్గా లెక్క సరిపోయింది. లారీ హారిస్ అనే అమెరికన్ తయారు చేసిన బోర్డు గేమ్ ఇది, 1981లో మొదటిసారి వచ్చింది, 1984లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ చేతికి వెళ్లాక అందరికీ తెలిసింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో చాలామంది ఆడే రూపం 1942 రెండో ఎడిషన్. రెండో ప్రపంచ యుద్ధం, 1942 వసంతకాలం, బోర్డు మొత్తం ప్రపంచ పటం. టర్న్ వరస మారదు: రష్యా, జర్మనీ, బ్రిటన్, జపాన్, అమెరికా. జర్మనీ, జపాన్ ఒక జట్టు, మిగతా ముగ్గురూ ఇంకో జట్టు, అదే మిత్రపక్షం.

మీ టర్న్‌లో ముందు డబ్బుతో సైన్యం కొంటారు, తర్వాత దాడికి కదుపుతారు, పాచికలు వేసి యుద్ధాలు తేలుస్తారు, దాడికి పోని వాళ్లను సర్దుతారు, అప్పుడు గానీ కొన్న సైన్యం ఫ్యాక్టరీ దగ్గర ప్రత్యక్షం కాదు. చివర్లో మీ చేతిలో ఉన్న భూభాగాల ఆదాయం వసూలు చేసుకుంటారు. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే, ఈరోజు కొన్నది ఈరోజు పనికిరాదు. మొత్తం 13 విక్టరీ సిటీలు, అంటే గెలుపు లెక్క కట్టే ఊళ్లు, మొదట్లోనే ఆరు జర్మనీ, జపాన్‌ల దగ్గర ఉంటాయి, రౌండ్ ముగిసేసరికి తొమ్మిది ఉంటే వాళ్లు గెలిచినట్టు. మిత్రపక్షానికి పది కావాలి.

ఆన్‌లైన్ రూపంలో మీ మీద దాడి జరిగేటప్పుడు మీరు నిద్రపోతున్నా ఫర్వాలేదు, ముందు ఏ బలగాన్ని బలి ఇవ్వాలో ముందే సెట్ చేసి పెట్టుకోవచ్చు. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే ట్రిపుల్‌ఎ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఈమెయిల్ ద్వారా టర్న్ పంపుకుంటూ కూడా ఆడొచ్చు. డాలస్ వాడికి అమెరికా, మెల్‌బోర్న్ వాడికి రష్యా ఇవ్వండి. వాడికి ముందు తెల్లారుతుంది, ఆట మొదలయ్యేది రష్యాతోనే.

ప్రశ్న: నేనెప్పుడూ జర్మనీయే తీసుకుంటాను. మొదటి మూడు రౌండ్లు ట్యాంకులతో రష్యాలోకి దూసుకుపోతాను, అందరూ భయపడతారు. ఐదో రౌండ్ వచ్చేసరికి నా దగ్గర ఏమీ మిగలదు. నేను కొనేది తప్పా, ఆడేది తప్పా?
— హనుమకొండ

కొనేది. ఈ ఆట సగం గెలిచేదీ ఓడేదీ కొనుగోలు దగ్గరే, యుద్ధం చేసేటప్పుడు కాదు, ఇది మాత్రం ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

లెక్క చూడండి. ఇన్‌ఫాంట్రీ (కాల్బలం) ధర 3, ట్యాంక్ ధర 6. ఇన్‌ఫాంట్రీ దాడి బలం 1, రక్షణ 2. ట్యాంక్‌కి రెండూ 3. ఆరు ముఖాల పాచికలో ఆ అంకె గానీ అంతకు తక్కువ గానీ పడితే ఎదుటివాడి బలగం ఒకటి పోతుంది. ఇప్పుడు మీరు 30 పెట్టి ఐదు ట్యాంకులు కొన్నారు, అదే 30తో రష్యా వాడు పది మంది ఇన్‌ఫాంట్రీని నిలబెట్టాడు. మీ ఐదు ట్యాంకులు ఒక విడతలో సగటున రెండున్నర మందిని చంపుతాయి. వాళ్లు పది మంది సగటున మూడు కంటే ఎక్కువ ట్యాంకులు లేపేస్తారు. రెండో విడతకి మీ వైపు ఒకటో రెండో ట్యాంకులు, వాళ్ల వైపు ఏడెనిమిది మంది. ఇక దాని గురించి మాట్లాడుకోవడం అనవసరం.

అదే 30తో ఆరుగురు ఇన్‌ఫాంట్రీ, మూడు ఆర్టిలరీ (ఫిరంగులు) కొని చూడండి. ఆర్టిలరీ ధర 4, దాడి 2, పక్కన ఉన్న ఒక ఇన్‌ఫాంట్రీ దాడిని కూడా 2కి పెంచుతుంది. కూడితే మొత్తం దాడి బలం 15, అంటే ఐదు ట్యాంకులతో సమానం. కానీ చావడానికి మీ దగ్గర ఐదు కాదు, తొమ్మిది బలగాలు ఉన్నాయి. ఎదురుదాడి వస్తే రక్షణ బలం 18, ట్యాంకులకైతే 15 మాత్రమే.

అలాగని ట్యాంకులు దండగ అనడం లేదు. అవి ఒక టర్న్‌లో రెండు గడులు కదులుతాయి, ఇన్‌ఫాంట్రీ ఒక్కటే. బెర్లిన్‌లో పుట్టిన ఇన్‌ఫాంట్రీ మాస్కో గుమ్మం చేరేసరికి మూడు నాలుగు రౌండ్లు పడుతుంది. అందుకని మొదటి రెండు మూడు రౌండ్లు ఎక్కువగా ఇన్‌ఫాంట్రీ, ఆర్టిలరీ కొని నడిపించండి, ఆ తర్వాత కొన్న ట్యాంకులు వెనక నుంచి వచ్చి వాళ్లను అందుకుంటాయి, అందరూ కలిసి ఒకేసారి మాస్కో ముందు దిగుతారు. మీరు చేస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు, ట్యాంకులు ముందే వెళ్లి ఒంటరిగా చస్తున్నాయి, ఇన్‌ఫాంట్రీ ఎప్పటికీ రావడం లేదు.

మీ తొందరకి కారణం నాకు అర్థమవుతుంది. మొదటి ఆదాయాలు చూస్తే రష్యా 24, బ్రిటన్ 31, అమెరికా 42, కలిపి 97. జర్మనీ 41, జపాన్ 30, కలిపి 71. ఇలాగే సాగితే రౌండుకి 26 చొప్పున మీరు వెనకబడతారు, కాబట్టి కాలం మీ వైపు లేదన్నది నిజమే. కానీ బోర్డు మీద మొదట ఉన్న సైన్యం బలం మీదే. అందుకే బాగా ఆడేవాళ్లు తమలో తాము ఆడేటప్పుడు మిత్రపక్షానికే బిడ్ అని ముందుగా కొంత అదనపు డబ్బు ఇస్తారు. ఆ మొదటి బలాన్ని వాడి ఆదాయంలో తేడా తగ్గించుకోవాలి. ఉక్రెయిన్, కాకసస్ లాంటి చోట్ల ఒకరిద్దరు ఇన్‌ఫాంట్రీని, తోడుగా విమానాలను పంపి గెలవండి, విమానాలు వెనక్కి వచ్చేస్తాయి, పోయేది ఆ ఒకరిద్దరు ఇన్‌ఫాంట్రీయే. రష్యా వాడు కూడా అదే చేస్తాడు. చూడ్డానికి ఏమీ జరగనట్టు ఉంటుంది, కానీ గెలుపోటములు తేలేది ఈ చిల్లర బేరాల్లోనే.

ప్రశ్న: ఆన్‌లైన్ పాచికలు మోసం సార్. ఐదు ట్యాంకులు వేస్తే ఒక్కటీ తగల్లేదు! శకుని పాచికలు కూడా ఇంత అన్యాయంగా పడి ఉండవు.
— తెనాలి

ట్యాంక్ తగలడానికీ తగలకపోవడానికీ సగం సగం అవకాశం. ఐదూ తప్పడం 32లో ఒకసారి జరుగుతుంది. ఒక పూర్తి ఆటలో ఎన్ని వందల పాచికలు పడతాయో చూసుకోండి, ఇలాంటిది జరగకపోతేనే అనుమానించాలి. ఎదుటివాడి పాచికలు తప్పినప్పుడు మీరు ఉత్తరం రాయలేదు కదా!

మరీ టెన్షన్ అయితే ట్రిపుల్‌ఎలో లో లక్ అనే ఆప్షన్ ఉంది. దాడి బలం మొత్తం కూడి ఆరుతో భాగిస్తారు. మీ ఐదు ట్యాంకులకి 15, అంటే రెండు దెబ్బలు ఖాయం, మిగిలిన 3కి మాత్రం ఒక్క పాచిక వేస్తారు. కొందరు ఇది లేకపోతే ఆడనే ఆడరు. నాకైతే చప్పగా ఉంటుంది, అంతా కాగితం మీద ముందే తేలిపోతే ఆడటం ఎందుకు.

ప్రశ్న: నేను బ్రిటన్. ప్రతిసారీ జపాన్ వచ్చి ఇండియా తీసుకుంటుంది. మన దేశం కదా అని వదలబుద్ధి కాదు, చివరిదాకా నిలబడతాను, సైన్యమంతా పోతుంది. వదిలేయాలా?
— విశాఖపట్నం

విశాఖ నుంచి ఈ ప్రశ్న రావడం బాగుంది. 1942 మార్చిలో రంగూన్ పడింది, అదే నెలలో అండమాన్ దీవులు జపాన్ చేతికి వెళ్లాయి, ఏప్రిల్ 6న ర్యూజో అనే నౌక మీది నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మద్రాసులో జనం ఊరు ఖాళీ చేసి పోయారు. సరిగ్గా మీ ఆట మొదలయ్యే కాలం అదే. బోర్డు మీద మాత్రం విశాఖ లేదు, కాకినాడ లేదు, మొత్తం ఇండియా ఒక్క గడి, విలువ 3, పేరుకి కలకత్తా ఒక విక్టరీ సిటీ.

ఫ్యాక్టరీలో ఒక టర్న్‌కి ఆ భూభాగం విలువ ఎంతో అన్ని బలగాలే దింపగలరు. అంటే ఇండియాలో మూడే. జపాన్ తన ట్రాన్స్‌పోర్ట్ షిప్పులన్నీ ఇటే తిప్పితే, ఒక్కో షిప్పులో ఒక ఇన్‌ఫాంట్రీ, ఇంకో భూసైన్యం చొప్పున ఎక్కుతాయి, నాలుగు షిప్పులకి ఎనిమిది దిగుతాయి. మీరు ముగ్గురిని చేర్చేలోపు వాళ్లు ఎనిమిదిని దించుతారు, పైన విమానాలు ఉండనే ఉన్నాయి. కాబట్టి ఒంటరిగా ఎల్లకాలం నిలబడలేరు.

కానీ జపాన్ సైన్యం, నౌకలు ఇండియా ముందు ఎన్ని టర్న్‌లు ఇరుక్కుంటే మాస్కోకి, అమెరికాకి అంత ఊపిరి. ఇక్కడ ఒక నియమం మీకు కలిసొస్తుంది, దాడి ఎవరిది వాళ్లే చేయాలి, రక్షణ మాత్రం అందరూ కలిసి చేయొచ్చు. రష్యా దగ్గర ఖాళీగా ఉన్న ఫైటర్ ఒకటి ఇండియాలో దింపమని అడగండి, ఫైటర్‌కి రక్షణ బలం 4. ప్రతి టర్న్ చివర ఒకటే చూసుకోండి, వచ్చే టర్న్‌లో జపాన్ గరిష్ఠంగా ఎంత తేగలదు? అది మీ దగ్గర ఉన్నదానికి బాగా మించితే, దాడి జరగకముందే సైన్యం మొత్తాన్ని పర్షియా మీదుగా కాకసస్ వైపు నడిపించేయండి. ఇండియా పోతే పోయేది 3 ఆదాయం, ఒక ఫ్యాక్టరీ. సైన్యం కూడా పోతే ఆ తర్వాత మాస్కో పోతుంది. మన దేశం అన్న బాధ నాకూ ఉంటుంది, కానీ ఆటలో మీరు బ్రిటిష్ వాళ్లు, గమనించండి.

ప్రశ్న: అమెరికా తీసుకుంటే బోర్ కొడుతోంది. మూడు రౌండ్ల దాకా చేసేదే లేదు.
— కరీంనగర్

అందరికంటే ఎక్కువ డబ్బు మీ దగ్గరే ఉంటే చేసేది లేదంటారేమిటి? మొదటి రౌండ్‌లో కొన్నది చాలాసార్లు మూడో రౌండ్‌కి గానీ యూరప్ ఒడ్డుకి చేరదు, కాబట్టి మూడో రౌండ్‌లో ఏం కావాలో మొదటి రౌండ్‌లోనే తెలియాలి. ఎక్కువ మంది చేసే తప్పు రౌండుకో మనసు మార్చుకోవడం, ఒకసారి పసిఫిక్‌లో బాటిల్‌షిప్, ఇంకోసారి అట్లాంటిక్‌లో ట్రాన్స్‌పోర్టులు. ముందు జర్మనీని కొట్టడాన్ని, అంటే కిల్ జర్మనీ ఫస్ట్‌ని, ఆటగాళ్లు కేజీఎఫ్ అంటారు (మన దగ్గర ఆ మూడక్షరాలకి ఇంకేవేవో గుర్తొస్తాయి), ముందు జపాన్‌ని కొట్టడం కేజేఎఫ్. ఏదో ఒకటి పట్టుకోండి. మొదలుపెట్టిన వాళ్లకి మొదటిదే నయం, ఎందుకంటే జర్మనీ తన టర్న్ ముగించాక మళ్లీ టర్న్ వచ్చేలోపు బ్రిటన్, అమెరికా, రష్యా ముగ్గురూ వరసగా దాన్ని కొట్టొచ్చు. బ్రిటన్ ఫ్రాన్స్‌లో ఉన్న వాళ్లను తగ్గిస్తే మీరు దిగి పట్టేసుకోవచ్చు, మధ్యలో జర్మనీకి సర్దుకునే వీలే ఉండదు.

ట్రాన్స్‌పోర్టులను మాత్రం ఒంటరిగా వదలకండి. వాటి రక్షణ బలం సున్నా. ఒక్క బాంబర్ వచ్చి నాలుగింటినీ ముంచేసి పోతుంది, 28 నీళ్లపాలు.

ప్రశ్న: బాబూ, మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఈ ఆటలో ఎప్పుడూ జర్మనీ పక్షమే ఆడతాడు. హిట్లర్ పక్షాన ఆడటం ఏం బుద్ధి అని నాకు భయంగా ఉంది.
— గుంటూరు

అమ్మా, ఎవరో ఒకరు జర్మనీ ఆడకపోతే ఆటే ఉండదు, కాబట్టి దానికి మాత్రం భయపడకండి. బోర్డు మీద నాజీల గుర్తు కూడా ఉండదు, నల్ల శిలువ గుర్తు ఉంటుంది.

అయితే మీ అనుమానం పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. ఈ ఆటలో సైనికులు, డబ్బు తప్ప మనుషులు ఉండరు. లెనిన్‌గ్రాడ్ ఉన్న గడి విలువ 2. నిజంలో 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా ఆ ఊరిని ముట్టడించారు, లక్షల మంది ఆకలితో చనిపోయారు. యూదుల్ని చంపిన క్యాంపులు ఆటలో లేవు. ఇండియా బ్రిటన్‌కి టర్న్‌కి 3 ఇస్తుంది, అంతే, 1943లో బెంగాల్ కరువులో లక్షల మంది పోయిన సంగతి ఎక్కడా లేదు, యుద్ధం ముగిసేసరికి 25 లక్షల దాకా పెరిగిన భారత సైన్యమూ లేదు. ఆట ఆపమని చెప్పకండి, వాడు ఊరుకోడు. ఇవాళ ఏ ఊరు గెలిచావు, అక్కడ నిజంగా ఏం జరిగిందో చెప్పు అని అడుగుతూ ఉండండి. నేను భయపడేది వాడి పక్షం చూసి కాదు, చాట్‌లో హిట్లర్ మీద గొప్పలు, జోకులు మొదలైతేనే. అది కనిపిస్తే మాత్రం వెంటనే, గట్టిగా మాట్లాడండి.

ఇంకో సంగతి, రాత్రి రెండింటికి లేచి టర్న్ ఆడుతున్నాడేమో చూడండి. ఈ ఆటకి ఆ అవసరమే లేదు.

ప్రశ్న: ఓడిపోతున్నాడని తెలియగానే మావాడొకడు టర్న్ ఆడటం మానేస్తాడు. ఏం చేయాలి?
— నిజామాబాద్

మొదలుపెట్టే ముందే ఒక మాట అనుకోండి: టర్న్‌కి ఎన్ని గంటల గడువు, గడువు దాటితే వాడి దేశాన్ని ఎవరు ఆడాలి, ఓటమి ఎలా ఒప్పుకోవాలి. ఓడిపోయానని చెప్పి తప్పుకోవడంలో నామోషీ ఏమీ లేదు, అందరూ చేసేదే. చెప్పకుండా మాయమవడమే చెడ్డ అలవాటు. ఒకటికి రెండుసార్లు చేస్తే నేనైతే మళ్లీ పిలవను.

ప్రశ్న: డిప్లొమసీ కూడా ఇలాంటి ఆటేనా? పాచికలు లేవంటున్నారు.
— కాకినాడ

ఇలాంటిది కాదు. అలన్ కాల్హమర్ 1959లో అచ్చు వేయించిన ఆట అది, అందులో కథ 1901లో మొదలవుతుంది, ఏడు దేశాలు, 34 కేంద్రాలు, 18 పట్టుకున్నవాడు గెలుస్తాడు. పాచికలు లేవు నిజమే. అందరూ ముందు విడివిడిగా మాట్లాడుకుంటారు, తర్వాత ఆదేశాలు రాసి ఒకేసారి తెరుస్తారు, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. అంటే ఇందులో పాచికల బదులు మీ స్నేహితులు ఉంటారు. బంధువులతో ఆడకండి, ముఖ్యంగా పెళ్లి పనులు దగ్గర్లో ఉంటే.