ట్రాముల అహెర్న్, హాకీ అహెర్న్ ఒకరేనా?

కెనడా రాజధాని ఒటావాలో విద్యుత్ ట్రాములు నడిపిన అహెర్న్, ఐస్ హాకీ జట్టు యజమాని అహెర్న్ ఒకరే అనుకుంటే మీ వ్యాసంలో తేదీలు కుదరడం లేదన్నారు. కుదరవండీ, వాళ్లు తండ్రీకొడుకులు. 1891లో ట్రాములు తెచ్చింది తండ్రి థామస్. అప్పటికి కొడుకు ఫ్రాంక్‌కు ఐదేళ్లు! అతని పూర్తి పేరు థామస్ ఫ్రాంక్లిన్ కావడంతోనే ఈ చిక్కంతా.

ఒటావా సెనేటర్స్ అనే హాకీ జట్టు యజమానిగా 1927లో ఐస్ హాకీ ట్రోఫీ స్టాన్లీ కప్ అందుకున్నది, 1930లో లిబరల్ ఎంపీగా గెలిచింది ఫ్రాంకే. ఎంపీగా గెలిచిన ఆ ఏడాదే, డబ్బుకు కటకటలాడి, జట్టుకు ప్రాణం లాంటి ఆటగాడు కింగ్ క్లాన్సీని టొరంటో జట్టుకు వదులుకున్నారు. బదులుగా వచ్చింది 35,000 డాలర్లు, ఇద్దరు ఆటగాళ్లు. నాకైతే అది తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

మీ వ్యాసంలో హాకీ, పార్లమెంటు వివరాలు ఫ్రాంక్ పేరిట, ట్రాములు థామస్ పేరిట విడదీయండి. తేదీలు వాటంతటవే కుదురుకుంటాయి.