గెనిమ (పొలం గట్టు) తగాదా కేసు కోర్టులో ఉంది, అమెరికా వీసా ఫారంలో ఏం రాయాలి?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాకు 61 ఏళ్లు, వ్యవసాయం. మా కయ్యలను ఆనుకుని మా పెదనాన్న కొడుకు రొయ్యల గుంట తవ్వించాడు. ఉప్పునీళ్లు మా వరిలోకి ఊరుతున్నాయని 2022లో గెనిమ మీద మాటామాటా పెరిగి తోపులాట అయింది. అతను కేసు పెట్టాడు. పోలీసులు నన్ను స్టేషన్‌కు పిలిపించి, ఇద్దరు జామీనుదారుల చేత సంతకాలు పెట్టించుకుని ఆ సాయంత్రమే పంపేశారు. ఐపీసీ 447, 323, 506 సెక్షన్ల కింద (అక్రమంగా చొరబడటం, కొట్టడం, బెదిరించడం) చార్జిషీటు వేశారు. కావలి మేజిస్ట్రేట్ కోర్టులో వాయిదాలు నడుస్తున్నాయి. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో డాలస్‌లో ఉంటారు. ఇంకో ఐదు నెలల్లో అమ్మాయికి కాన్పు. నా పాస్‌పోర్ట్ గడువు నిరుడే తీరిపోయింది, మా ఆవిడది ఇంకా ఉంది. నెల్లూరులో ఒక ఏజెంటును కలిస్తే, ‘మీరు జైలుకే పోలేదు, అరెస్టు ఎక్కడయింది, కేసు సంగతి ఎక్కడా రాయొద్దు’ అన్నాడు. బ్యాంకులో ఇరవై లక్షలు చూపించాలన్నాడు. ముప్పై వేలు అడ్వాన్సు ఇచ్చాం. ఆయన చెప్పినట్టు చేయొచ్చా? కేసు ఉన్నవాళ్లకు వీసా వస్తుందా?
– ఒక రైతు, కావలి ప్రాంతం

జవాబు: కేసు పెండింగులో ఉన్నంత మాత్రాన అమెరికా విజిటర్ వీసా రాదని ఎక్కడా లేదు. మీ మీద ఉన్నది పొలం గట్టు తగాదా, చిన్న దెబ్బల కేసు. కాన్సులేట్ అధికారి అడిగితే నాలుగు మాటల్లో చెప్పగలిగినది. అదే విషయాన్ని దాచి ‘లేదు’ అని రాస్తే, ఇవాళ్టి చిన్న కేసు రేపు మీ అమ్మాయి మిమ్మల్ని ఎప్పటికీ పిలిపించుకోలేని పరిస్థితి తెచ్చిపెట్టగలదు. అందుకే ఏజెంటు సలహా వద్దు.

ముందుగా ‘అరెస్టు’ సంగతి. మన పల్లెల్లో అరెస్టంటే బేడీలు వేసి సబ్ జైలుకు తీసుకుపోవడమనే అనుకుంటారు. చట్టం లెక్క వేరు. మీ విషయంలో ఇద్దరు జామీనుదారులు సంతకాలు పెట్టారని మీరే రాశారు. అది పోలీసులే ఇచ్చే స్టేషన్ బెయిల్. అరెస్టు చేయకుండా స్టేషన్ బెయిల్ ఇవ్వరు కదా. కాగితం మీద మిమ్మల్ని ఫలానా తేదీన, ఫలానా గంటకు అరెస్టు చేసి బెయిల్ మీద వదిలినట్టు రాసుకునే ఉంటారు. అలా కాకుండా విచారణకు రమ్మనే సీఆర్‌పీసీ 41ఏ నోటీసు మాత్రమే ఇచ్చి, వివరాలు తీసుకుని పంపేసి ఉంటే అది అరెస్టు కాదు. ఈ రెండింటిలో ఏది జరిగిందో ఊహించి రాయకండి. మీ వకీలుతో చెప్పి చార్జిషీటు సర్టిఫైడ్ కాపీ తీయించండి. నిందితుల వివరాల దగ్గర అరెస్టు తేదీ, బెయిల్ వివరం ఉంటాయి. అక్కడ ఏముందో అదే మీ జవాబు.

ఇదంతా ఎందుకంటే, అమెరికా టూరిస్టు వీసాకు ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-160 ఫారంలో, మీరు ఎప్పుడైనా ఏ నేరానికైనా అరెస్టు అయ్యారా, శిక్ష పడిందా అని సూటిగా అడుగుతారు. క్షమాభిక్ష దొరికినా సరే చెప్పాలని ఆ ప్రశ్నలోనే ఉంటుంది. మీ చార్జిషీటులో అరెస్టు ఉంటే ‘అవును’ అని పెట్టి, కింద ఇచ్చిన జాగాలో రెండు మూడు వాక్యాలు రాస్తే చాలు: పొలం హద్దు దగ్గర దాయాదితో తగాదా, 2022, ఫలానా సెక్షన్లు, అదే రోజు బెయిల్, కేసు విచారణలో ఉంది. మీ పెదనాన్న కొడుకు చేసిన అన్యాయమంతా అక్కడ ఏకరువు పెట్టనక్కర్లేదు.

‘లేదు’ అని రాసి దొరికితే? అమెరికా వలస చట్టంలో సెక్షన్ 212(ఏ)(6)(సి) అని ఒకటి ఉంది. వీసా కోసం ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పారని తేలితే ఆ మనిషికి జీవితాంతం అనర్హత. మినహాయింపు అడిగే దారి ఉంది గానీ, అది సులువు కాదు. మామూలుగా వీసా నిరాకరించేది సెక్షన్ 214(బి) కింద. ఈ మనిషి తిరిగి తన దేశానికి వస్తాడన్న నమ్మకం అధికారికి కుదరలేదని దాని అర్థం. అది మచ్చ కాదు. మళ్లీ ఫీజు కట్టి, మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. అబద్ధం కింద పడిన నిరాకరణ అలా పోదు. రేపు మీ అమ్మాయి అక్కడి పౌరురాలై తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు పెట్టినా ఆ ఫైలు ముందుకొస్తుంది.

వాళ్లకెలా తెలుస్తుందంటారా? మీ విషయంలో పాస్‌పోర్టే చెప్పేస్తుంది. కేసు పెండింగులో ఉన్నవారికి కోర్టు ఆర్డరు మీద తక్కువ గడువు పాస్‌పోర్ట్ ఇస్తుంటారు. మామూలుగా పదేళ్లకు ఇచ్చే పాస్‌పోర్ట్ మీకు ఒక్క ఏడాదికే ఎందుకు ఇచ్చారని అధికారి అడిగితే ఏం చెబుతారు?

మీ అసలు పని ఈ పాస్‌పోర్టే, వీసా తర్వాతి మాట. 1967 పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 6(2)(ఎఫ్) ప్రకారం, దరఖాస్తుదారు మీద క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్ట్ నిరాకరించాలి. చార్జిషీటు దాఖలై కోర్టు విచారణకు తీసుకుంది కాబట్టి ఇది మీకు వర్తిస్తుంది. (ఒట్టి ఎఫ్ఐఆర్ దశలో ఉన్నవారికి వర్తించదు. గొడవలు చేయబోమని తహసీల్దారు దగ్గర బైండోవర్ రాసిచ్చినవారు కూడా కంగారు పడనక్కర్లేదు, అది నేరం కింద విచారణ కాదు.) అయితే విదేశానికి వెళ్లడం రాజ్యాంగం 21వ అధికరణం కింద వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో చెప్పింది. చిన్న కేసు ఉన్నవాళ్లను ఇంట్లో కట్టేయడం చట్టం ఉద్దేశం కాదు. 1993 ఆగస్టు 25న కేంద్రం జీఎస్‌ఆర్ 570(ఇ) అనే నోటిఫికేషన్ ఇచ్చింది. కేసు నడుస్తున్న కోర్టు మిమ్మల్ని దేశం విడిచి వెళ్లడానికి అనుమతిస్తూ ఆర్డరు ఇస్తే, దాని ఆధారంగా పాస్‌పోర్ట్ ఇవ్వవచ్చని అందులో ఉంది.

అదే నోటిఫికేషన్‌లో చాలామంది వకీళ్లు చూడకుండా వదిలేసే ముక్క ఒకటి ఉంది. ఆర్డరులో పాస్‌పోర్ట్ ఎన్నేళ్లకు అని రాస్తే అన్నేళ్లకు ఇస్తారు. ఏమీ రాయకపోతే ఒక్క ఏడాదికే ఇస్తారు. కాబట్టి కావలి కోర్టులో వేసే పిటిషన్‌లో ‘పదేళ్ల కాలానికి’ అని స్పష్టంగా అడగండి. కోర్టు తగ్గించి ఇస్తే ఇవ్వనీయండి, అడగకుండా పోగొట్టుకోవడం ఎందుకు? ఒకవేళ ఏడాదికే వచ్చినా నష్టం లేదు. పాత పాస్‌పోర్ట్‌లో పడిన అమెరికా వీసా, గడువు ఉండి చిరగకుండా ఉంటే, కొత్త పాస్‌పోర్ట్‌తో పాటు చూపించి వాడుకోవచ్చు.

పిటిషన్‌కు మీ అమ్మాయి డాలస్ చిరునామా, డాక్టరు రాసిచ్చిన కాన్పు తేదీ కాగితం, సుమారుగా వెళ్లి వచ్చే తేదీలు, మీరు లేనప్పుడు వాయిదాలకు వకీలు హాజరవుతాడనే హామీ జతచేయండి. సాక్షులు మిమ్మల్ని గుర్తుపట్టే విషయంలో పేచీ పెట్టనని కూడా రాసివ్వాలి. లేకపోతే ‘ముద్దాయి లేకుండా సాక్ష్యం ఎలా’ అని ప్రాసిక్యూషన్ అడ్డుపడుతుంది. కోర్టు కొంత డిపాజిట్ గానీ, అదనపు జామీను గానీ అడగవచ్చు. కొన్ని కోర్టులు పాస్‌పోర్ట్‌కు అభ్యంతరం లేదని మాత్రమే ఆర్డరు ఇచ్చి, ప్రయాణానికి మళ్లీ అనుమతి తీసుకోమంటాయి. అలా వస్తే టికెట్ కొనేముందు రెండో పిటిషన్ వేసుకోవాలి. ఆ ఆర్డరు కాపీ ఒకటి విమానాశ్రయానికి కూడా తీసుకెళ్లండి.

పాస్‌పోర్ట్ దరఖాస్తులోనూ క్రిమినల్ కేసు ఉందా అనే ప్రశ్న ఉంటుంది. ఏజెంటు మాట విని అక్కడ ‘లేదు’ పెట్టారనుకోండి, పోలీస్ వెరిఫికేషన్ వచ్చేది మీ స్టేషన్‌కే, కేసు రాసింది ఆ స్టేషనే. పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 12 ప్రకారం తెలిసీ తప్పుడు సమాచారం ఇస్తే రెండేళ్ల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఉన్న గెనిమ కేసుకు తోడు ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది.

ఇక మీ ఆవిడ సంగతి. ఆమె మీద కేసు లేదు, పాస్‌పోర్ట్ ఉంది. ఆమెను మీ కోసం ఆపకండి. నన్నడిగితే ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఆమె దరఖాస్తు వేయడమే. కాన్పుకు తల్లి కావాలి, మీరు బారసాలకు చేరుకున్నా సరిపోతుంది. విజిటర్ వీసా (బి1/బి2) దరఖాస్తు ఫీజు 185 డాలర్లు, వీసా వచ్చినా రాకపోయినా తిరిగి ఇవ్వరు. హైదరాబాద్‌లో ముందు ఒకరోజు వేలిముద్రలు, ఫొటో. మరో రోజు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. ఇంగ్లిష్ రాదని టెన్షన్ పడకండి, తెలుగులో మాట్లాడవచ్చు. ‘మీ ఆయన ఎందుకు రావడం లేదు’ అని అడిగితే ఉన్నదే చెప్పమనండి: పాస్‌పోర్ట్ గడువు తీరింది, కోర్టులో పొలం కేసు ఉంది, అనుమతి వచ్చాక వస్తారు. బట్టీపట్టిన జవాబులు అధికారులకు ఇట్టే తెలిసిపోతాయి.

ఇరవై లక్షలు చూపించాలన్నది కూడా కట్టుకథే. ఇంత సొమ్ము ఉండాలని విజిటర్ వీసాకు అంకె ఏదీ లేదు. ఎవరిదగ్గరో అప్పు తెచ్చి ఇంటర్వ్యూకు ముందు ఖాతాలో వేస్తే, ‘ఈ డబ్బు ఎక్కడిది’ అన్న ఒక్క ప్రశ్నకే తడబడతారు. ఖర్చంతా కూతురు, అల్లుడు పెట్టుకుంటున్నారని చెప్పడంలో నామోషీ ఏమీ లేదు. మీరు తిరిగి వస్తారనడానికి మీ దగ్గర ఉన్నవి మంచి ఆధారాలే: పట్టాదారు పాస్‌పుస్తకం, 1బి, అడంగల్, వడ్లు అమ్మిన రసీదులు, ఇక్కడున్న ఇల్లు, మిగతా పిల్లలు ఉంటే వాళ్లు. వీటిని అధికారి చూడకపోవచ్చు కూడా. చాలా ఇంటర్వ్యూలు నాలుగు ప్రశ్నలతో ముగుస్తాయి. అయినా దగ్గర ఉంచుకోండి. మీరు వెళ్లేటప్పుడు వీటితో పాటు చార్జిషీటు, కోర్టు ఆర్డరు, వాటి ఇంగ్లిష్ అనువాదాలు కూడా ఉండాలి. అధికారి మరిన్ని కాగితాలు కావాలని 221(జి) కింద ఫైలు పక్కన పెడితే, అది తుది తిరస్కారమని భయపడక అడిగినవి ఇవ్వండి.

వీసా పదేళ్లకు పడినా, పదేళ్లు అక్కడ ఉండొచ్చని కాదు. దిగిన విమానాశ్రయంలో అధికారి ఎన్నాళ్లు ఉండవచ్చో నిర్ణయిస్తారు, మామూలుగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రాకపోకల రికార్డులో ఉంటుంది. దాన్ని దాటొద్దు.

ఇంకో దారి కూడా ఆలోచించండి. 447, 323, 506 మూడూ రాజీ కుదుర్చుకోగల నేరాలే. ఫిర్యాదుదారు ఒప్పుకుంటే సీఆర్‌పీసీ 320 కింద కోర్టులోనే, లేదా లోక్ అదాలత్‌లో రాజీపడవచ్చు. చట్టం దృష్టిలో అది మీరు నిర్దోషిగా విడుదలైనట్టే. (చార్జిషీటులో 324, అంటే ఆయుధంతో గాయపరచడం, కూడా ఉంటే ఈ మాట వర్తించదు, అప్పుడు హైకోర్టుకు వెళ్లాలి.) కేసు పోతే పాస్‌పోర్ట్‌కు కోర్టు అనుమతి గొడవే ఉండదు. మీ పెదనాన్న కొడుకుతో మాట్లాడటానికి మీకు మనసొప్పకపోతే ఊళ్లో ఇద్దరికీ కావలసిన పెద్దమనిషిని పంపండి. రొయ్యల గుంట ఉప్పునీళ్ల సంగతి రాజీలో కలిపేసి వదులుకోనక్కర్లేదు. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2005 కింద ఆ గుంటకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో మత్స్యశాఖ వారిని అడగండి. ఆ పోరాటం దారి వేరు. ఒక్కటి గుర్తుంచుకోండి, చార్జిషీటులో అరెస్టు ఉంటే, రాజీ అయినా డీఎస్-160లో అరెస్టు ప్రశ్నకు జవాబు ‘అవును’ అనే ఉంటుంది. కింద ‘రాజీ ద్వారా కేసు ముగిసింది’ అని చేరుతుంది, అంతే. ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీ భద్రంగా దాచుకోండి.

చివరిగా ఏజెంటు. అతను ఇప్పటికే మీ పేరు మీదో, మీ ఆవిడ పేరు మీదో డీఎస్-160 నింపేశాడేమో వెంటనే కనుక్కోండి. అప్లికేషన్ నంబరు, అపాయింట్‌మెంట్ ఖాతా యూజర్ పేరు, పాస్‌వర్డ్ మీ చేతికి రావాలి. ఫారం ఎవరు నింపినా సంతకం మీది, బాధ్యత మీది. వేరేవాళ్ల సాయం తీసుకుంటే వాళ్ల పేరు చెప్పమని కూడా అందులోనే అడుగుతారు. తప్పు జవాబుతో పంపేసి ఉంటే, ఇంటర్వ్యూకు ముందే సరైన వివరాలతో కొత్త ఫారం నింపి, ఆ కొత్త నంబరును అపాయింట్‌మెంట్‌కు కలపాలి. మీ అల్లుడు ఫోన్లో మాట్లాడుతూ కూర్చుని చేయగలిగిన పనే ఇది.

ముప్పై వేలు తిరిగి ఇమ్మని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. రసీదు ఇవ్వకపోయినా ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ సందేశాలు సాక్ష్యమే, వాటిని చెరపకండి. ఇవ్వకపోతే రెండేళ్లలోపు నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, వకీలు కూడా తప్పనిసరి కాదు.