మాత్ర కన్నా ముందు గోడ క్యాలెండర్

నువ్వు అడిగింది ఇది: వయసు 23, విశాఖ మధురవాడలో ఉద్యోగం, ప్రతి నెలా నెలసరి మొదటి రోజు పొత్తికడుపు నొప్పి, నడుం లాగేయడం, విరేచనాలు. అమ్మ మాత్ర వేసుకోమంటుంది, నీకు మాత్రలంటే భయం. మామ్మ మూడు రోజులు పక్కన కూర్చోమంటుంది. వీడియోల్లో చూస్తే ఒకరు గింజలు తినమంటారు, ఒకరు చంద్రుడితో పాటు నెలసరి నడవాలంటారు. సహజంగా తగ్గే దారి ఏదైనా ఉందా అని అడిగావు. నాకన్నా బాగా చిన్నదానివి కాబట్టి నువ్వు అనే పిలుస్తాను, ఏమీ అనుకోకు.

నేను గోపాలపట్నంలో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతున్నాను. జాకెట్టు కొలతలకి వచ్చినవాళ్ళు కొలతలతో ఆగరు, ఒంట్లో బాగోలేని సంగతులు కూడా చెప్పుకుంటారు. వాళ్ళందరినీ నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: కిందటి నెల ఏ తారీఖున వచ్చింది? తడుముకోకుండా చెప్పేవాళ్ళు తక్కువ. పాలవాడికి ఎన్ని ప్యాకెట్లు బాకీయో చెప్పగలరు, ఇది చెప్పలేరు. అందుకే ముందు క్యాలెండర్ పట్టుకోమంటాను. మా ఇంట్లో తిథులుండే తెలుగు క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే నా చుక్క ఉంటుంది. మొదటి రోజుకి ఎర్ర చుక్క. ఎక్కువగా పోయిన రోజుకి రెండు చుక్కలు. నొప్పి ఉంటే 'నొ', నిద్ర పట్టకపోతే 'ని'. ఫోన్‌లో యాప్ ఉన్నా పర్వాలేదు కానీ, వంటగదిలోకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కళ్ళబడే గోడ నాకు నచ్చింది.

నాలుగైదు నెలలు రాస్తే నీ ఒంటి పద్ధతి నీకే కనబడుతుంది. పెద్దవాళ్ళలో 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. సరిగ్గా 28కే రావాలని లేదు. అండం విడుదలయ్యేది వచ్చే నెలసరికి సుమారు రెండు వారాల ముందు. ఆ రోజుల్లో పచ్చి గుడ్డు తెల్లసొనలా, జారుడుగా, వేళ్ళ మధ్య సాగేలా తడి వస్తుంది. దాన్ని చూసి ఇన్ఫెక్షన్ అనుకుని కంగారుపడే అమ్మాయిలు మా షాపుకి చాలామందే వస్తారు. వాసన, దురద లేకపోతే అది ఒంట్లో అంతా సరిగ్గా నడుస్తోందనే గుర్తు. ఇంకో సంగతి కూడా తెలుసుకో. డేట్ వెనక్కి వెళ్ళిందంటే సాధారణంగా సాగేది అండం విడుదలకి ముందున్న సగం. జ్వరం వచ్చినా, నైట్ షిఫ్టులు పడినా, ఆఫీసులో టెన్షన్ పెరిగినా అండం ఆలస్యమవుతుంది, దాంతో డేట్ కూడా జరుగుతుంది. ఆ సాగే తడి ఆలస్యంగా కనబడితే పది రోజులు ముందుగానే, ఈసారి ఆలస్యమవుతుందని అర్థమైపోతుంది.

చంద్రుడి సంగతి కూడా ఆ క్యాలెండరే తేల్చేస్తుంది. అమావాస్య నుంచి అమావాస్యకి దాదాపు 29న్నర రోజులు. నెలసరి సగటు కూడా దానికి దగ్గరే కాబట్టి కొన్నాళ్ళు రెండూ కలిసి నడిచినట్టే ఉంటుంది. తిథుల పక్కన చుక్కలు పెట్టుకుంటూ పో, మెల్లగా అమావాస్య దగ్గర్నుంచి పౌర్ణమి వైపు జరిగిపోతుంది. నీది చంద్రుడితో కలవలేదని బెంగపడాల్సిన పనేమీ లేదు.

ఇక నొప్పి. నెలసరి మొదలయ్యేటప్పుడు గర్భాశయం లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. వాటి వల్ల గర్భాశయం కండరం తడిబట్ట పిండినట్టు బిగుసుకుని ఆ పొరని బయటికి తోస్తుంది. అవి ఎక్కువైతే నొప్పీ ఎక్కువ. పక్కనే ఉన్న పేగుల మీద కూడా పనిచేస్తాయి, నీకు మొదటి రోజు విరేచనాలు అయ్యేది అందుకే. నువ్వేదో తినకూడనిది తిన్నావని కాదు.

దీనికి మన ఇళ్ళలో ఉన్న మందుల్లో అన్నిటికన్నా గట్టిది కాపడం. మా అమ్మ రాళ్ళ ఉప్పు పెనం మీద చిటపటలాడేదాకా వేయించి, పాత నూలు చీర ముక్కలో మూటకట్టి, ముందు తన ముంజేతి మీద ఆనించి చూసుకుని, అప్పుడు నా పొత్తికడుపు మీద పెట్టేది. ఆ వేడికి బిగిసిన కండరం వదులవుతుంది. ఒంటికి అంటించి ఉంచుకునే వేడి పట్టీల మీద జరిగిన పరీక్షల్లో, వేడి కూడా నొప్పి మాత్రకి దీటుగా పనిచేసిందని తేలింది. హాట్ వాటర్ బ్యాగ్ అయినా సరే, తువ్వాలు చుట్టకుండా చర్మానికి తగలనివ్వకు. శొంఠి మీద కూడా పరీక్షలు జరిగాయి. మొదటి మూడు రోజులు పూటకి పావు చెంచా శొంఠిపొడి, బెల్లం వేసి మరిగించిన నీళ్ళలో తాగితే చాలామందికి నొప్పి తగ్గుతుంది. కడుపులో మంట ఉన్నవాళ్ళు మాత్రం ఖాళీ కడుపుతో తాగొద్దు. వాము నీళ్ళు ఉబ్బరానికి హాయిగా ఉంటాయి, నొప్పికి అంత గట్టిగా పనిచేస్తాయని చెప్పలేను. మామూలు రోజుల్లో వారానికి నాలుగైదు సార్లు బీచ్ రోడ్డు మీద అరగంట చురుగ్గా నడిచి చూడు, రెండు మూడు నెలల్లో తేడా తెలుస్తుంది.

మాత్రంటే నీకు భయం ఎందుకో నాకు తెలుసు. 2023 డిసెంబరులో మెఫెనమిక్ యాసిడ్ గురించి కేంద్ర సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించిందని పేపర్లన్నీ రాశాయి. నెలసరి నొప్పికి మన మందుల షాపుల్లో చేతికిచ్చేది ఎక్కువగా అదే. ఆ హెచ్చరిక డ్రెస్ సిండ్రోమ్ అనే చాలా అరుదైన, కానీ తీవ్రమైన అలర్జీ గురించి. మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోపు జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, ముఖం వాపు కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా వేసుకోకూడదు. ఇవేవీ లేకపోతే, డాక్టరు చెప్పిన మోతాదులో, తిన్న తర్వాత, నెలకి ఒకటి రెండు రోజులు వేసుకోవడానికి అంత భయం అక్కర్లేదు. ఈ మాత్ర ఆ రసాయనాలు తయారుకాకుండా అడ్డుకుంటుంది. అంటే నొప్పి ముదిరాక కాకుండా, మొదలవుతూనే వేసుకుంటేనే ఫలితం. నొప్పి ఏ పూట మొదలవుతుందో నీకు ముందే తెలియాలి. క్యాలెండర్ గురించి అంతలా చెప్పింది అందుకే. నొప్పికి ఓర్చుకోవడం గొప్ప అని మన ఇళ్ళల్లో నేర్పిస్తారు, ఆ మాట నేను ఒప్పుకోను.

తిండి గురించి చెప్పాలంటే, పెద్దమనిషి అయిన పిల్లకి చిమ్మిలి పెట్టే మన అలవాటు మంచిదే. నువ్వుల్లో ఇనుము, కాల్షియం ఉన్నాయి. రోట్లో నువ్వులూ బెల్లం దంచుతుంటే నూనె ఊరి చేతికి అంటుకుంటుంది చూడు, ఆ చిమ్మిలిని పేరంటంతో ఆపేయకుండా నెలనెలా చేసుకో. చోడి అంబలి, తోటకూర, మునగాకు, చేపలు తినేవాళ్ళయితే కవళ్ళు తింటూ ఉండు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, అన్నం తిన్న వెంటనే టీ తాగితే సరిగ్గా పట్టదు. వీడియోల్లో చెప్పే గింజల పద్ధతి అంటే మొదటి సగం అవిసె, గుమ్మడి గింజలు, రెండో సగం నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు. తింటే నష్టం లేదు, హార్మోన్లు సరిపోతాయనడానికి గట్టి ఆధారమూ లేదు. ఆ పేరుతో ఖరీదైన ప్యాకెట్లు మాత్రం కొనకు.

గుడ్డ ప్యాడ్ల గురించి నువ్వు అడగలేదు, కానీ సహజం అన్నావు కాబట్టి, అది నా పనే కాబట్టి చెబుతాను. ప్లాస్టిక్ ప్యాడ్లతో తొడలు ఒరుసుకుపోయి వచ్చే కస్టమర్లకి నేను గుడ్డవి కుట్టి ఇస్తాను. పైన మెత్తటి నూలు గుడ్డ, మధ్యలో రెండు మూడు పొరలు ఫ్లానెల్, అడుగున తడి దిగని పీయూఎల్ గుడ్డ, రెక్కలకి టిచ్ బటన్లు. పొరలు కదలకుండా ఉంటాయని కొందరు మధ్యలో అడుగుదాకా నిలువు కుట్టు వేస్తారు. అలా వేస్తే సూది దిగిన ప్రతి చిల్లు నుంచీ తడి కిందికి వస్తుంది. మధ్య పొరల్ని పై గుడ్డకి మాత్రమే కుట్టి, అడుగు గుడ్డని అంచుల దగ్గరే కలపాలి. వాడాక ముందు చన్నీళ్ళలో నానబెట్టు, వేడినీళ్ళు పోస్తే మరక నిలిచిపోతుంది. సబ్బుతో ఉతుకు, కంఫర్ట్ లాంటివి వద్దు, గుడ్డ తడి పీల్చడం మానేస్తుంది.

ఆరబెట్టడమే మన ఊళ్ళో అసలు కష్టం. సముద్రపు గాలికి వానాకాలంలో తువ్వాలే రెండు రోజులు ఆరదు, మందపాటి ప్యాడ్ ఎక్కడ ఆరుతుంది? పైగా ఎవరైనా చూస్తారని చీర కింద దాచి ఆరేస్తారు. తేమగా ఉన్న గుడ్డ మళ్ళీ వాడితే దురద, ఇన్ఫెక్షన్లు రావచ్చు. నా కస్టమర్లకి నేను చెప్పేదేమిటంటే, బట్టలు ఆరేసే తీగ మీదే, ఎండలోనే వేయండి. ఎండ లేని రోజు ఫ్యాన్ కింద పూర్తిగా ఆరబెట్టండి. అదీ కుదరని నెలలో మామూలు ప్యాడే వాడండి, తప్పేమీ లేదు. ఏ ప్యాడ్ అయినా నాలుగు నుంచి ఆరు గంటలకి మార్చాల్సిందే.

ఆరబెట్టే బాధ లేనిది మెన్‌స్ట్రువల్ కప్పు, అంటే యోని లోపల పెట్టుకుంటే రక్తాన్ని పట్టి ఉంచే మెత్తటి చిన్న గిన్నె. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో 43 అధ్యయనాలని కలిపి చూసినప్పుడు, కప్పు సురక్షితమనీ, లీకేజీ ప్యాడ్లతో సమానంగానో ఇంకా తక్కువగానో ఉందనీ తేలింది. ప్రతి నెలా వాడేముందు నీళ్ళలో మరిగించాలి. కాపర్ టీ వేయించుకున్నవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి. అలవాటు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, మొదటిసారే కుదరలేదని వదిలేయకు.

మామ్మ మాట దగ్గరికి వస్తాను. మూడు రోజులు విశ్రాంతి అంటే నాకు ఎంతో ఇష్టం. బావి నుంచి నీళ్ళు తోడి, పిండి రుబ్బే రోజుల్లో ఆడమనిషికి పని తప్పింది ఆ మూడు రోజులే. కానీ ముట్టుకుంటే మైల అని, విడిగా చాప, విడిగా కంచం పెట్టి కూర్చోబెట్టడం వల్ల పిల్లకి తన ఒళ్ళంటేనే అసహ్యం పుడుతుంది. మా వీధిలో ఒక ఒడియా కుటుంబం ఉంది. జూన్ నడుమ వాళ్ళకి రజొ పండగ వస్తుంది. ఆ మూడు రోజులు భూదేవికి నెలసరి అని వాళ్ళ నమ్మకం. నేల దున్నరు, ఆడపిల్లలకి పని చెప్పరు, కొత్త బట్టలు కట్టి ఉయ్యాల ఊపుతారు. ఆ ఆంటీ పోడొ పిఠా చేసి మా ఇంటికీ పంపిస్తారు. మామ్మతో గొడవపడకుండా ఆ పండగ సంగతి చెప్పి చూడు: విశ్రాంతి ఇవ్వు మామ్మా, విడి చాప వద్దు అని.

శ్రావణ మాసం రాగానే నెలసరి వాయిదా మాత్రల కోసం పరుగెడతారు చూడు, దాని గురించీ ఒక మాట. అది నోరెథిస్టిరాన్ అనే హార్మోను మందు. రక్తం గడ్డకట్టే సమస్య, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి ప్రమాదం. చీటీ లేకుండా, పక్కింటివాళ్ళు చెప్పారని వేసుకోవద్దు. వరలక్ష్మీ వ్రతం ఆ శుక్రవారం కుదరకపోతే మరో శుక్రవారం చేసుకోవచ్చని పురోహితులే చెబుతారు.

ఇంటి మందులతో ఆగకూడని సందర్భాలున్నాయి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోవడం, వారం దాటినా ఆగకపోవడం, రూపాయి బిళ్ళకన్నా పెద్ద గడ్డలు పడటం, రెండు నెలసరుల మధ్య రక్తం కనిపించడం, మూడు నెలలు అసలు రాకపోవడం, మాత్రకి కూడా లొంగని నొప్పి, ఏటేటా పెరుగుతున్న నొప్పి. మా ఆడపడుచుకి ఇలాగే ఉండేది. "పెళ్ళయితే అదే తగ్గిపోతుంది" అని ఇంట్లోవాళ్ళూ, చూసిన డాక్టరూ కూడా అన్నారు. పెళ్ళయింది, తగ్గలేదు. ఇంకో చోట చూపిస్తే అండాశయంలో చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి అన్నారు. అది ఎండోమెట్రియోసిస్ వల్ల, అంటే గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు వల్ల వచ్చేది. ఆ జబ్బు దాదాపు ప్రతి పదిమంది ఆడవాళ్ళలో ఒకరికి ఉంటుంది. నొప్పితో ఆమె గడిపిన ఏళ్ళు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

నీకు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మన ఊళ్ళో సర్కారు ఆసుపత్రులున్నాయి, ఘోషా ఆసుపత్రికో, కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) గైనిక్ ఓపీకో ఉదయాన్నే వెళ్ళు. హీమోగ్లోబిన్, థైరాయిడ్, అల్ట్రాసౌండ్ చేయమని అడుగు. ఎండోమెట్రియోసిస్ చాలాసార్లు స్కాన్‌లో కనబడదు, కాబట్టి స్కాన్ నార్మల్ అన్నారని లేచి వచ్చేయకు, "మరి నొప్పి ఎందుకొస్తోంది?" అని అక్కడే కూర్చుని అడుగు.